మందు మార్చే ముందు ఆ స్కాన్ రిపోర్టులో చివరి లైను చూపించు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మకి 58 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు, నరసన్నపేట దగ్గర పల్లె. నాలుగు నెలల్లో మూడుసార్లు చలిజ్వరం, కుడివైపు నడుము పైన నొప్పి, వాంతులు. మొదటిసారి సెఫిక్సిమ్ మాత్రలు, రెండోసారి లెవోఫ్లాక్సాసిన్, మూడోసారి ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు. ప్రతిసారీ తగ్గడం, మందు ఆపిన పది పదిహేను రోజులకి మళ్లీ రావడం. ఇప్పుడు మూత్రం కల్చర్‌లో, అంటే ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షలో, ఈ.కోలై అనే బాక్టీరియా, ఈఎస్‌బీఎల్ రకం అని వచ్చింది, డాక్టరుగారు ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్ రోజుకొకటి చొప్పున 14 రోజులు రాశారు. నువ్వు అడిగినవి: ఇన్ని ఇంజెక్షన్లకి కిడ్నీలు పాడవవా, జ్వరం తగ్గిపోతే మధ్యలో ఆపొచ్చా, ఇది మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వచ్చే కిడ్నీ జబ్బేమో, మధ్యలో పైడితల్లమ్మ పండక్కి అమ్మని విజయనగరం తీసుకెళ్లొచ్చా.

అన్నిటికీ చెబుతాను. కానీ నువ్వు అడగకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, నాకు భయం వేసింది అక్కడే. "స్కాన్‌లో పెద్దగా ఏం లేదన్నారు, కుడి కిడ్నీకి మైల్డ్ హైడ్రోనెఫ్రోసిస్ అని మాత్రం రాశారు" అన్నావు. ఆ మాట దగ్గరే ఆగాలి. మూడుసార్లు తిరగబెట్టిన ఇన్ఫెక్షను, అదే కుడివైపు నొప్పి, అదే కుడి కిడ్నీ ఉబ్బి ఉంది. దీన్ని "పెద్దగా ఏం లేదు" అని పక్కన పెట్టడానికి లేదు.

నేను డాక్టర్ని కాదు, అది ముందే చెబుతున్నా. శ్రీకాకుళం, విజయనగరం, ఈ రెండు జిల్లాల్లోనే ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో 24 ఏళ్లు టెక్నీషియన్‌గా చేశాను. వేల మూత్రం శాంపిళ్లు నా చేతి మీదుగా బాక్టీరియాని పెంచే ప్లేటు మీదకి ఎక్కాయి. 2018లో ఇదే జబ్బుతో నేనే ఏడు నెలలు మంచం పట్టాను. కాబట్టి రిపోర్టు రాసే పక్కా తెలుసు, రిపోర్టు పట్టుకుని తిరిగే పక్కా తెలుసు.

హైడ్రోనెఫ్రోసిస్ అంటే కిడ్నీలో తయారైన మూత్రం కిందికి సాఫీగా జారక, అక్కడే నిలిచి కిడ్నీ లోపలి భాగం ఉబ్బడం. కాలువకి ఎక్కడో అడ్డు పడితే పై మడిలో నీరు నిలిచిపోతుంది చూడు, అలాగ. నిలిచిన మూత్రంలో బాక్టీరియా హాయిగా పెరుగుతుంది. పైనుంచి ఎంత మంచి మందు పోసినా అప్పటికి తగ్గినట్టే ఉంటుంది, మందు ఆపగానే మిగిలినవి మళ్లీ లేస్తాయి. అడ్డు రాయి కావచ్చు, మూత్రనాళం సన్నబడటం కావచ్చు, షుగరు చాలాకాలం ఉన్నవాళ్లలో మూత్రాశయం నరాలు మొద్దుబారి మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడం కావచ్చు. అయితే ఒక్కోసారి ఏ అడ్డూ లేకుండా కూడా ఇలా కనిపిస్తుంది. స్కాన్ కోసం లీటరు నీళ్లు తాగించి గంటసేపు బిగబట్టించినప్పుడు కిడ్నీ కాస్త ఉబ్బినట్టు అనిపించొచ్చు, ఇన్ఫెక్షను వేడి మీద ఉన్నప్పుడూ అనిపించొచ్చు. అందుకే మూత్రం పోసి వచ్చాక మళ్లీ చూడమని అడగాలి, పోశాక లోపల ఎంత మిగిలిందో కొలవమని కూడా అడగాలి. రెండో కొలత చాలాచోట్ల అడిగితేనే చేస్తారు. మీ అమ్మ విషయంలో అది తప్పనిసరి.

నా సంగతి చెబితే నీకు బాగా అర్థమవుతుంది. 2018 జూన్‌లో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి వణుకు మొదలైంది, మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. మన ప్రాంతంలో చలిజ్వరం అంటే ముందు మలేరియానే అనుకుంటాం, నేనూ అదే అనుకుని రక్తం చూపించుకున్నాను, లేదన్నారు. మర్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకున్నాను, ఆ తర్వాత రోజు తీరిగ్గా మూత్రం కల్చర్‌కి ఇచ్చాను. ఏమీ పెరగలేదని వచ్చింది. యాంటీబయాటిక్ పడ్డాక తీసిన మూత్రంలో ఏమీ పెరగకపోవడం వింత కాదని నాకు తెలుసు, రోజూ నేనే వేరేవాళ్లకి చెప్పే మాట అది. జ్వరంలో తెలివి పని చేయలేదు. ఆ ఒక్క తప్పు వల్ల ఏ బాక్టీరియానో తెలియకుండానే రెండు నెలలు మందులు మార్చుకుంటూ పోయాను. లెవోఫ్లాక్సాసిన్ వాడినప్పుడు మడమ వెనక నరం పట్టేసినట్టు నొప్పి వచ్చింది, నడక ఎక్కువై అనుకున్నాను. ఆ జాతి మందులకి స్నాయువులని, అంటే కండని ఎముకకి కలిపే తాళ్లని, దెబ్బతీసే గుణం ఉంది, అలాంటి నొప్పి వస్తే వెంటనే మందు ఆపి డాక్టరుకి చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అల్ట్రాసౌండ్ రెండుసార్లు తీయించాను. మొదటిది నార్మల్ అన్నారు. రెండోది "ఎడమ కిడ్నీ స్వల్పంగా ఉబ్బి ఉంది" అని చిన్నగా రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరులో విశాఖలో ఒక యూరాలజీ డాక్టరు ఆ కాగితం చూసి మందు సంగతి ఎత్తలేదు, "ముందు ప్లెయిన్ సీటీ తీద్దాం" అన్నారు. మూత్రనాళం మధ్యలో 7 మిల్లీమీటర్ల రాయి. నాళం మధ్య భాగం పేగుల వెనక ఉంటుంది, పేగుల్లో గ్యాసు అడ్డొచ్చి అల్ట్రాసౌండ్‌కి అక్కడ సరిగ్గా కనపడదు. రాళ్లు వెతకడానికి కిడ్నీల నుంచి మూత్రాశయం దాకా చూసే ప్లెయిన్ సీటీ కేయూబీ దానికంటే చాలా మెరుగు. దానికి డై ఇంజెక్షన్ అక్కర్లేదు, కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష అంకె) ఎక్కువుందేమో అని జంకే పని కూడా లేదు.

ఆ మర్నాడే డీజే స్టెంటు వేశారు. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా పెట్టే సన్నటి గొట్టం అది. వేస్తున్నప్పుడు లోపల్నుంచి చిక్కటి చీము వచ్చిందట. అప్పుడు నాకు పడుతున్నది కూడా ఎర్టాపెనెమే, అప్పటికి ఆరు రోజులైంది, జ్వరం దిగలేదు. స్టెంటు పడిన ఒకటిన్నర రోజులో దిగిపోయింది. మందు అదే, మోతాదు అదే. దారి తెరుచుకుంది, అంతే తేడా.

అందుకే నా మాట ఒక్కటే. ఇన్ఫెక్షను తిరగబెడుతుంటే "ఇంకా బలమైన మందు ఏముంది" అని అడగకండి, "ఎందుకు పోవడం లేదు" అని అడగండి. మీ అమ్మకి ఇప్పుడు రాసిన మందు సరైనదే, అది మొదలుపెట్టండి, ఆలస్యం చేయొద్దు. కానీ ఇంజెక్షన్లు నడుస్తుండగానే, 14 రోజులు అయ్యేదాకా ఆగకుండా, ఆ స్కాన్ కాగితం పట్టుకుని యూరాలజిస్టుని కలిసి, ప్లెయిన్ సీటీ సంగతి అడగండి. నెఫ్రాలజిస్టు వేరు, యూరాలజిస్టు వేరు. కిడ్నీ పనితనం తగ్గడం, క్రియాటినిన్, డయాలిసిస్ నెఫ్రాలజీ వాళ్లవి. రాళ్లు, అడ్డంకులు, స్టెంట్లు యూరాలజీ వాళ్లవి. విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. శ్రీకాకుళంలో మనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలుచుకునే సర్వజన ఆసుపత్రిలో ముందు చూపించి, అక్కడ్నుంచి రాయించుకుని కూడా వెళ్లొచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టుకో. కొత్తవి పైన, పాతవి కింద. పాతవి పనికిరావని పారేయొద్దు, నా రాయి దొరికింది పాత కాగితంలో ఒక లైను వల్లే.

ఇక రిపోర్టు సంగతి. ఈఎస్‌బీఎల్ అంటే కొత్త జబ్బు కాదు. అదే ఈ.కోలై, మన పేగుల్లో ఉండేదే. కొన్ని యాంటీబయాటిక్‌లని విరిచేసే ఎంజైము తయారు చేసుకోవడం నేర్చుకున్న రకం. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి దాని ముందు పనిచేయవు, అందుకే మూడోసారి ఇంజెక్షన్లకి జ్వరం దిగినట్టే దిగి మళ్లీ వచ్చింది. రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే ఆ మందుకి చస్తుంది, ఆర్ అంటే చావదు. మీ అమ్మ రిపోర్టులో నైట్రోఫురాంటోయిన్‌కీ ఫాస్ఫోమైసిన్‌కీ ఎస్ ఉంది, అవి మాత్రలు, సాచెట్లు కదా, చవక కూడా, అవి వాడితే ఇంజెక్షన్ల బాధ తప్పుతుంది కదా అని మీ బంధువుల్లో ఫార్మసీ చదివిన అబ్బాయి అన్నాడని రాశావు. ఆ అబ్బాయికి ఇది చెప్పు. ఆ రెండూ మూత్రంలోకి బాగా చేరతాయి కానీ కిడ్నీ కండలోకి సరిపడా చేరవు. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షనుకి అవి మంచివి. జ్వరం, వణుకు, నడుము నొప్పి ఉన్న ఇన్ఫెక్షనుకి అవి చాలవు. ల్యాబులో మేం ప్లేటు మీద చూసేది మందుకి బాక్టీరియా చస్తుందా లేదా అన్నదే, ఆ మందు మనిషి ఒంట్లో ఎక్కడిదాకా వెళ్తుందో ప్లేటు చెప్పదు. రిపోర్టు చూసి మందుల షాపులో మందు ఎంచుకోవడం అందుకే ప్రమాదం.

ల్యాబులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఒకే మనిషి పేరు మీద ఏడాదిలో నాలుగైదు రిపోర్టులు వచ్చేవి, మొదటి దాంట్లో అన్నీ ఎస్‌లు, రెండో దాంట్లో రెండు ఆర్‌లు, చివరిదానికి వచ్చేసరికి ఎస్ అన్న అక్షరం ఎక్కడో ఒకటి రెండు చోట్ల. మధ్యలో ఏం జరిగిందో తెలుస్తూనే ఉండేది. మూడు రోజులు మాత్రలు వేసుకుని ఆపేయడం, మళ్లీ జ్వరం వస్తే పాత చీటీ చూపించి అవే కొనుక్కోవడం.

ఇప్పుడు ఆపొచ్చా అన్న ప్రశ్న. సరైన మందు పడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగాలి. మొదటి 48 గంటలు జ్వరం వస్తూనే ఉన్నా కంగారు పడొద్దు. 72 గంటలు దాటినా దిగకపోతే మాత్రం మందు మార్చడం కంటే ముందు స్కాన్ చేయాలి, అడ్డో, కిడ్నీలో చీముగడ్డో ఉండొచ్చు. జ్వరం దిగింది కదా అని ఐదో రోజు ఆపితే మీ అమ్మకి మళ్లీ ఇంకో రౌండు తప్పదు. నిజానికి ఏ చిక్కూ లేని మామూలు కిడ్నీ ఇన్ఫెక్షనుకి ఈ రోజుల్లో కొన్ని మందులతో వారం రోజులు చాలంటున్నారు, అందరికీ 14 రోజులు అక్కర్లేదు. కానీ షుగరు, తిరగబెట్టిన చరిత్ర, ఉబ్బిన కిడ్నీ, ఈ మూడూ ఉన్న మనిషి ఆ లెక్కలోకి రాదు. ఇంకో సంగతి, అడ్డు ఉందని తేలి స్టెంటో గొట్టమో వేస్తే, రోజుల లెక్క సాధారణంగా ఆ వేసిన రోజు నుంచి మొదలుపెడతారు. "ఇప్పటికే పది అయ్యాయి కదండీ" అని గొడవ పడొద్దు. చీముగడ్డ ఉంటే వారాలు పడుతుంది. మగవాళ్లకి ప్రోస్టేట్‌లో చేరితే కూడా అంతే.

ఇంజెక్షన్లు రోజూ శ్రీకాకుళం వెళ్లి వేయించుకోలేకపోతే, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో వేయించి పరిస్థితి కుదుటపడ్డాక దగ్గర్లో వేయించుకోవచ్చు, డాక్టరుగారు చీటీ మీద స్పష్టంగా రాసివ్వాలి. ఎర్టాపెనెమ్‌కి ఆ సౌకర్యం ఉంది, రోజుకి ఒకటే. వేసేవాళ్లకి మాత్రం నువ్వు దగ్గరుండి చెప్పు: నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్ట్రోజ్ సీసాలో కలపకూడదు, అరగంట సేపు ఎక్కించాలి, పొద్దున్న కలిపి ఉంచింది సాయంత్రం వేయకూడదు. ఊళ్లల్లో తొందరగా అయిపోవాలని నరంలోకి గబగబా తోసేస్తారు, అది ఒప్పుకోవద్దు. చేతికి పెట్టిన సూది దగ్గర ఎర్రబడినా, వాచినా, తీగలాగ నరం గట్టిపడినా ఆరోజే తీయించి ఇంకో చోట పెట్టించు. అమ్మ ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ ఏమైనా వాడుతుంటే అది ముందే చెప్పాలి, ఈ మందు దాని పనితనాన్ని బాగా తగ్గించేస్తుంది.

కిడ్నీలు పాడవుతాయా? ఎర్టాపెనెమ్ వల్ల ఆ భయం పెద్దగా లేదు. కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్లకి మోతాదు సగానికి తగ్గిస్తారు, అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీకీ చెవికీ దెబ్బ కొట్టే గుణం ఉన్నది అమికాసిన్, జెంటామైసిన్ జాతి. అవీ అవసరమైతే వాడతారు, కానీ క్రియాటినిన్ చూసుకుంటూ, చెవిలో హోరు, తల తిరుగుడు ఉన్నాయా అని అడుగుతూ వాడాలి. నీకు నిజంగా భయపడాల్సింది ఏదంటే నడుము నొప్పికని మీ నాన్న షాపులో కొనిచ్చిన ఆ డైక్లోఫినాక్ మాత్రలు. ఇన్ఫెక్షను, వాంతులతో నీరు తగ్గిన ఒళ్లు, షుగరు, వీటి మీద ఆ మాత్ర. కిడ్నీకి ఇంతకంటే హాని ఇంకోటి లేదు. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి. ఇన్ఫెక్షనుని వదిలేస్తే కిడ్నీ పాడవుతుంది, వైద్యంతో కాదు.

షుగరు మాత్రల చీటీ కూడా చూపించు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే పేర్లుంటే అవి షుగరుని మూత్రంలోకి పంపించే మందులు. జ్వరం, వాంతులు ఉన్న రోజుల్లో వాటిని ఆపమంటారు, మెట్‌ఫార్మిన్ సంగతి కూడా అడగాలి. మీరే ఆపేయొద్దు, ఫోను చేసైనా అడగండి. ఈ రెండు వారాలు ఇన్సులిన్ పెట్టినా వద్దనకండి. షుగరు 300 మీద ఉండగా ఏ యాంటీబయాటిక్కూ సరిగ్గా గెలవదు.

ఇంత పొడవు కోర్సులో వచ్చే ఇబ్బందులు రెండు గుర్తుపెట్టుకో. రోజుకి మూడుసార్లకి మించి నీళ్ల విరేచనాలు అయితే, అది కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి మొదలైనా సరే, విరేచనాలు కట్టే మాత్ర మీరే వేసేయకుండా డాక్టరుకి చెప్పండి. యాంటీబయాటిక్‌ల వల్ల పేగుల్లో వచ్చే ఒక ఇన్ఫెక్షను ఉంది, దానికి వైద్యం వేరు. రెండోది కింద దురద, పెరుగులాంటి తెల్లబట్ట. షుగరున్న ఆడవాళ్లకి యాంటీబయాటిక్ వాడినప్పుడు ఇది చాలా మామూలు, చిన్న మందుతో పోతుంది. కానీ మీ అమ్మ నీతో చెప్పదు తమ్ముడూ. కొడుకుతో ఏ తల్లి చెబుతుంది? మూత్రం మంట అని అనుకుని మళ్లీ ఇంకో యాంటీబయాటిక్ మొదలెట్టేస్తారు. మీ అక్కనో నీ భార్యనో అడగమను. నా తోటికోడలు అడిగేదాకా నేనూ నోరు విప్పలేదు, పది రోజులు ఊరికే బాధపడ్డాను.

మళ్లీ కల్చర్‌కి ఇవ్వాల్సి వస్తే ఇది చూసుకోండి. యాంటీబయాటిక్ పడకముందు ఇవ్వాలి. శుభ్రంగా నీళ్లతో కడుక్కుని, మొదట కొంచెం వదిలేసి మధ్యలో వచ్చేది ల్యాబు ఇచ్చిన డబ్బాలో పట్టాలి, ఇంట్లో మందు సీసా కడిగి అందులో కాదు. రెండు గంటల్లోపు ల్యాబుకి చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. మన మే నెల ఎండలో బస్సులో గంటన్నర ప్రయాణించిన మూత్రంలో ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది, పదివేలున్నది లక్ష దాటడానికి ఎంతసేపు? అలాంటి శాంపిల్ మీద వచ్చిన రిపోర్టు చూసి మందు వాడినవాళ్లు ఎంతమందో. ఇక ఇవ్వగానే సాయంత్రానికి రిపోర్టు కావాలని ల్యాబువాళ్లతో పోట్లాడకండి. పెరగడానికి ఒక రోజు, పెరిగినదాని మీద మందులు పరీక్షించడానికి ఇంకో రోజు, రెండు మూడు రోజులు పడుతుంది. ఒకవేళ మూత్రంలో పస్ సెల్స్ (చీము కణాలు) ఎప్పుడూ నిండా ఉండి కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగడం లేదంటే, కిడ్నీ టీబీ ఉందేమో చూడమని అడగాలి, మామూలు కల్చర్‌లో టీబీ పెరగదు. లెవోఫ్లాక్సాసిన్ టీబీని కూడా కాస్త అణిచి ఉంచుతుంది, దాంతో అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది.

ఉద్దానం మాట. కిడ్నీ అన్న పదం వినగానే మన జిల్లాలో ఎవరి గుండె అయినా జారుతుంది, అది నాకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఏ ఇంట్లో చూసినా ఒకరు పోయారనే కథే. కానీ ఆ జబ్బు నడక వేరు. జ్వరం ఉండదు, మంట ఉండదు, నొప్పి కూడా సాధారణంగా ఉండదు, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా క్రియాటినిన్ పెరుగుతూ పోతుంది, తెలిసేసరికి కిడ్నీలు సగానికి పైగా పోయి ఉంటాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మీ అమ్మకి వచ్చింది బాక్టీరియా వల్ల, కారణం కాగితం మీద కనపడుతోంది, నయమయ్యేది. క్రియాటినిన్ 1.1 అని రాశావు, అది ధైర్యం ఇచ్చే అంకె. ఇన్ఫెక్షను తగ్గాక ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి చూపించుకోండి. మీ చుట్టాలు ఉద్దానం వైపు వాళ్లే కాబట్టి వాళ్లలో ఎవరికైనా అనుమానం ఉంటే, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి, అక్కడ చూపించుకోమనండి.

కొండపిండి ఆకు కూర వండి పెట్టమని పెద్దమ్మ అంటోందని రాశావు. కూరగా తింటే తిననివ్వు, మా అమ్మ కూడా పెట్టింది. కషాయాలు కాచి దాని మీద ఆధారపడి ఇంజెక్షన్లు ఆపడం మాత్రం వద్దు. 7 మిల్లీమీటర్ల రాయి ఆకుతో కరిగి ఉంటే నేను ఏడు నెలలు పడుకునేదాన్ని కాదు. తిండి సయించకపోతే చోడి (రాగి) అంబలి పలచగా చేసి కొద్దికొద్దిగా ఇవ్వండి, షుగరు చూసుకుంటూ. నీళ్లు బాగా తాగాలి, గుండె జబ్బు, కాళ్ల వాపు లేకపోతే రోజుకి రెండు రెండున్నర లీటర్లు. మీ అమ్మ జీడిపిక్కల పనికి వెళ్తుందన్నావు కదా, అక్కడ మరుగుదొడ్డి సరిగ్గా లేక పొద్దున్న వెళ్లి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని కూర్చునే ఆడవాళ్లని నేను ఎంతమందినో చూశాను. ఊడ్పులకి వెళ్లేవాళ్లూ అంతే. రోజుల తరబడి ఆ పని చేస్తే మూత్రాశయం కడిగే నీరే ఉండదు. ఆవిడ ఆ మాట బయటికి చెప్పదు, నువ్వే అడుగు. నెలసరి ఆగిపోయిన వయసులో తిరగబెట్టే ఇన్ఫెక్షన్లకి ఈస్ట్రోజెన్ క్రీము లోపల రాయమంటారు, చాలామందికి అది బాగా పనిచేస్తుంది. లేడీ డాక్టరుని కలిసినప్పుడు అడగమను.

కోర్సు అయిపోయాక జ్వరం, మంట, నొప్పి ఏమీ లేకపోతే వారం వారం మూత్రం పరీక్ష చేయించొద్దు. పస్ సెల్స్ కొన్నాళ్లు కనిపిస్తాయి. షుగరున్న ఆడవాళ్లలో లక్షణాలు ఏమీ లేకుండా కల్చర్‌లో బాక్టీరియా పెరగడం మామూలే, దానికి మందు అక్కర్లేదు. గర్భిణులకీ, మూత్రనాళం ఆపరేషను ముందూ మాత్రం వైద్యం చేస్తారు. మీ అమ్మకి రాయి తీయాల్సి వస్తే ఆ కల్చర్ యూరాలజిస్టు రాస్తారు.

ఒకవేళ స్టెంటు వేస్తే, ఎప్పుడు తీయాలో ఆ తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకో, ఇంట్లో క్యాలెండరు మీద కూడా రాసి పెట్టు. స్టెంటు ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం రావడం, నడిస్తే కాస్త ఎర్రగా రావడం ఉంటాయి, అది భరించాలి. భరించలేనిది మర్చిపోయిన స్టెంటు. ఇబ్బంది తగ్గిందని ఏడాది దాకా రానివాళ్లున్నారు, దాని మీద రాయి పేరుకుపోయి తీయడమే పెద్ద ఆపరేషను అవుతుంది.

ఈలోగా అమ్మకి మళ్లీ వణుకుతో జ్వరం వచ్చి మూత్రం తగ్గిపోయినా, మాట తడబడినా, ఆయాసం వచ్చినా, వాంతులతో షుగరు అదుపు తప్పినా, రేపు చూద్దాం అనుకోవద్దు, రాత్రయినా సరే 108కి చేసి పెద్దాసుపత్రికి వెళ్లిపో. అడ్డుపడిన కిడ్నీలో చీము ఉంటే అది గంటల్లో మనిషిని తీసుకుపోతుంది. షుగరున్నవాళ్లలో కిడ్నీలో గ్యాసు తయారయ్యే రకం కూడా ఉంది. ఇది నిన్ను భయపెట్టడానికి కాదు, అలాంటి రాత్రి నువ్వు తటపటాయించకుండా ఉండటానికి.

పండగ సంగతి. దసరా తర్వాత మంగళవారమే కదా పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, నీ లెక్క ప్రకారం అప్పటికి తొమ్మిదో ఇంజెక్షను. సీటీ అయ్యి, అడ్డు లేదని తేలి, జ్వరం లేకుండా నాలుగు రోజులు గడిస్తే తీసుకెళ్లు. ఇంజెక్షను టైము గంట అటూ ఇటూ అయినా పర్వాలేదు, మందు సీసా, డాక్టరు చీటీ వెంట ఉంచుకుని విజయనగరంలో వేయించుకోవచ్చు. చేతికి సూది ఉంది కాబట్టి ఆ జనంలో నిలబెట్టకుండా మీ మేనత్తగారి మేడ మీద నుంచే చూపించు. సీటీ ఇంకా కాకపోయినా, అడ్డు ఉందని తేలినా ఈ ఏడు అమ్మవారికి ఇంటి దగ్గర నుంచే దణ్ణం పెట్టించు. సీటీ రిపోర్టు వచ్చాక అందులో ఏం రాశారో, చివరి లైనుతో సహా, ఇక్కడ నాకు రాయి.